కాఫీ మెనూ ముందు నిలబడ్డప్పుడు

ఉద్యోగంలో కొత్తగా చేరిన అమ్మాయి టీమ్ వాళ్లతో కలిసి మొదటిసారి కాఫీ షాపుకి వెళ్తుంది. గోడ మీద పెద్ద బోర్డు: ఎస్ప్రెస్సో, మకియాటో, కోర్టాడో, ఫ్లాట్ వైట్, కాపుచినో, లాటే, మోకా. వెనక వరుసలో జనం. ఆలోచించుకునే వ్యవధి లేదు. ముందు నిలబడ్డవాళ్లు ఏం చెప్పారో తనూ అదే చెప్పేస్తుంది. లేదంటే, ఆ పట్టికలో ధర తక్కువున్నది అదే, పేరు కూడా ఎప్పుడో విన్నదే కదా అని ఎస్ప్రెస్సో అడుగుతుంది. రెండు గుక్కలకు సరిపోయే కప్పులో నల్లగా, చిక్కగా, పాలచుక్క లేని కాఫీ వస్తుంది. తాగలేదు, అందరి ముందూ వదిలేయనూలేదు. ఇక ఆ రోజు నుంచి ఎక్కడికి వెళ్లినా కారమెల్ వేసిన తియ్యటి లాటే ఒక్కటే అడుగుతుంది. దాని మీద ఇష్టం కంటే మిగతావాటి మీద భయమే అందుకు కారణం.

ఇలాంటి వాళ్లను చాలామందిని చూశాను. మాదాపూర్ ఆఫీసుల్లో ఉన్నారు, విశాఖ బీచ్ రోడ్డులో ఉన్నారు, చదువుకోవడానికి డల్లాస్ వెళ్లిన పిల్లల్లోనూ ఉన్నారు. వీళ్లకి కాఫీ తెలియదనడానికి వీల్లేదు. డికాషన్ ఎంత చిక్కగా దిగిందో వాసన చూసి చెప్పగల ఇళ్లలో పెరిగినవాళ్లు. ఆ బోర్డు చదివే పద్ధతి ఎవరూ చెప్పలేదు, అంతే. అది ఈ అధ్యాయంలో చెప్పుకుందాం.

పేర్లు బట్టీ పట్టవద్దు. ఏ పేరు ఎదురైనా మూడు సంగతులు చూడండి: కాఫీ ఎంత, పాలు ఎన్ని, పైన నురగ ఎంత. బోర్డు మీద వేడి కాఫీలన్నీ దాదాపుగా ఈ మూడు పాళ్లలో తేడాలే.

అంతకంటే ముందు ఒక అపోహ తొలగించాలి. మన పెళ్లిళ్లలో, ఎగ్జిబిషన్లలో ఎన్నో ఏళ్లుగా ‘ఎక్స్‌ప్రెసో కాఫీ’ స్టాలు ఉంటోంది. మెరిసే స్టీలు యంత్రం, బుస్సుమనే ఆవిరి, కప్పు నిండా నురగ, పైన చిలకరించిన చాక్లెట్ పొడి. ఆ కప్పులో ఉండేది ఇన్‌స్టంట్ కాఫీ పొడి, చక్కెర, పాలు. ఆవిరిని పాలలోకి వదిలి వేడెక్కించి నురగ తెప్పించడమే ఆ యంత్రం పని. చలికాలపు రిసెప్షన్‌లో ఆ కాఫీ నాకూ ఇష్టమే. కాని కాఫీ షాపు బోర్డు మీది ఎస్ప్రెస్సో వేరు. స్టాలులోది నిండా పాలున్న కాఫీ. షాపులోది పాలే లేని కాఫీ. మనవాళ్లు ఎస్ప్రెస్సో అడిగి తెల్లబోవడానికి అసలు కారణం ఇదే. పెళ్లి కాఫీ లాంటి రుచి కావాలంటే బోర్డు మీద వెతకాల్సింది కాపుచినో.

అన్నిటికీ మూలం ఆ చిన్న కప్పు

ఎస్ప్రెస్సో అనే గింజ ఎక్కడా పండదు. అది కాఫీ తీసే పద్ధతి. సన్నగా మర పట్టిన పొడిని చిల్లుల గిన్నెలో వేసి గట్టిగా అదుముతారు. 90 నుంచి 96 డిగ్రీల వేడి ఉన్న నీళ్లను సుమారు 9 బార్ల ఒత్తిడితో, అంటే మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడికి దాదాపు తొమ్మిది రెట్ల బలంతో, ఆ పొడిలోంచి నెడతారు. ఇటలీ సంప్రదాయం ప్రకారం 7 గ్రాముల పొడి నుంచి 25 సెకన్లలో 25 మిల్లీలీటర్లు దిగాలి. అది ఒక షాట్. ఇప్పటి షాపులు చాలావరకు 16 నుంచి 18 గ్రాముల పొడి వేసి, దానికి రెట్టింపు బరువున్న కాఫీని అరనిమిషం లోపు తీస్తున్నాయి. అది డబుల్ షాట్.

మన ఇత్తడి ఫిల్టర్‌లో నీళ్లు తమ బరువుతో తామే కిందికి దిగాలి. అందుకు పావుగంట పైనే పడుతుంది. ఇక్కడ ఒత్తిడి వల్ల పని సెకన్లలో అయిపోతుంది, పొడిలోని నూనెలు కూడా సన్నటి బిందువులుగా విడిపోయి కాఫీలో కలుస్తాయి. అందుకే నాలుక మీద ఆ చిక్కదనం. పైన తేలే బంగారు గోధుమరంగు పొరను క్రెమా అంటారు. గింజ వేయించినప్పుడు దాని లోపల చిక్కుకున్న కార్బన్ డయాక్సైడ్ ఒత్తిడికి బయటికొచ్చి, ఆ నూనెలతో కలిసి కట్టే నురగ అది. వేయించి నెలలు గడిచిన గింజకి ఆ వాయువు మిగలదు, క్రెమా పలచగా వచ్చి వెంటనే విరిగిపోతుంది. ఎస్ప్రెస్సో తాగకపోయినా, పక్కవాళ్ల కప్పులో క్రెమా చూసి ఆ షాపులో గింజ ఎంత తాజాదో కొంతవరకు ఊహించవచ్చు.

ఈ యంత్రం పుట్టిన ఊరు ఇటలీలోని టూరిన్. 1884లో ఆంజెలో మోరియోండో ఆవిరితో కాఫీ తీసే యంత్రానికి అక్కడ పేటెంట్ తీసుకున్నాడు. 1901లో మిలాన్‌కి చెందిన లుయీజీ బెజ్జెరా ఒక్కో కప్పు విడివిడిగా తీసేలా మార్చాడు. ఆ హక్కులు కొని, అమ్మకానికి తయారుచేసి ఊరూరా చేర్చినవాడు దెసిదేరియో పవోని. అయితే అప్పటి యంత్రాలు ఆవిరి ఒత్తిడి మీదే నడిచేవి. అది ఒకటిన్నర బార్లకు మించదు, కాబట్టి వాటికి క్రెమా ఉండేది కాదు. ఇప్పటి ఎస్ప్రెస్సో మనకి దక్కింది ఆకిలె గాజ్జియా వల్ల. 1938లో పేటెంట్ తీసుకుని, రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక మీట లాగితే స్ప్రింగు బలంతో నీళ్లను నెట్టే యంత్రాన్ని మార్కెట్లోకి తెచ్చాడు. కప్పు మీద తేలుతున్న ఆ పొర ఏమిటా అని జనం మొదట్లో అనుమానంగా చూశారంటారు. 1961లో ఫయేమా కంపెనీ ఇ-61 వచ్చాక మీట లాగే పనిని కరెంటు పంపు తీసుకుంది.

ఈ కథలో మన దేశానికీ చోటుంది. భారత కాఫీని ఎక్కువగా కొనే దేశాల్లో ఇటలీ ఒకటి. ఇటాలియన్ ఎస్ప్రెస్సో మిశ్రమాల్లో మన రోబస్టా గింజ కలుస్తుంది, ఎందుకంటే చిక్కదనాన్నీ దట్టమైన క్రెమానూ ఇచ్చేది అదే. మన అరకులో పండేది మాత్రం అరబికా. మృదువైన, పండు వాసనలు పలికే గింజ. అరకు వ్యాలీ అరబికాకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అంతకు రెండేళ్ల ముందే పారిస్‌లో అరకు పేరుతో కాఫీ దుకాణం తెరుచుకుంది. అరబికా ఎస్ప్రెస్సోలో కాస్త పులుపు తగిలితే కాఫీ పాడైందని అనుకోకండి. ఆ గింజ స్వభావం అది.

ఆ పులుపు ఎక్కువైతే మాత్రం తీసే తీరులో తేడా ఉన్నట్టే. చింతపండు పిసికినప్పుడు మొదట దిగే రసం చిక్కగా, పుల్లగా ఉంటుంది. పిప్పిని మరీ పిండితే వగరు దిగుతుంది. కాఫీ పొడి కూడా అంతే. మొదట పులుపు, ఆపైన తీపి, చివర్లో చేదు, వగరు దిగుతాయి. నీళ్లు త్వరగా జారిపోతే పులుపు దగ్గరే ఆగుతుంది. ఆలస్యమైతే చేదు ముదురుతుంది. ఆ 25 సెకన్ల మీద అంత పట్టుదల అందుకే.

ఇది అర్థమైతే పాలు లేని కాఫీలన్నీ తేలిపోతాయి. అంతే పొడికి నీళ్లు తక్కువ పోనిచ్చి, ముందు దిగిన భాగం దగ్గరే ఆపేస్తే రిస్ట్రెటో. ఎక్కువ పోనిస్తే లుంగో. తీసిన షాట్‌ని వేడినీళ్లలో కలిపితే అమెరికానో. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లలో కప్పులో ముందు నీళ్లు పోసి ఆ పైన షాట్ వదులుతారు, క్రెమా చెదరకుండా. దాన్ని లాంగ్ బ్లాక్ అంటారు. పాలు పడనివాళ్లు, కబుర్లు చెప్పుకుంటూ కప్పు పట్టుకుని ఎక్కువసేపు కూర్చోవాలనుకునేవాళ్లు అమెరికానో నిశ్చింతగా అడగవచ్చు.

పాలు చేసే పని

పాలు కాఫీని పలచన చేస్తాయని మాత్రమే అనుకుంటాం. ఆవిరి పట్టిన పాలు అంతకన్నా చాలా చేస్తాయి. కాఫీ తయారుచేసే బరిస్టా ఆవిరి గొట్టాన్ని పాల ఉపరితలం దగ్గర పెట్టగానే చిర్రుమనే చప్పుడు వస్తుంది. పాలలోకి గాలి చేరుతున్న చప్పుడది. తర్వాత గొట్టాన్ని కాస్త లోతుకి దించి పాలను సుడి తిప్పుతారు. అప్పుడు పెద్ద బుడగలు చితికి, కంటికి కనిపించనంత సన్నటివి అవుతాయి. పాలు తడి రంగు పూసినట్టు నిగనిగలాడతాయి. ఆ నురగను పట్టి నిలిపేది పాలలోని ప్రోటీన్. నోటికి నునుపు, నిండుదనం ఇచ్చేది కొవ్వు. డబుల్ టోన్డ్ పాలతో నురగ బాగా లేస్తుంది కాని రుచి వెలితిగా ఉంటుంది. 6 శాతం కొవ్వుండే ఫుల్ క్రీమ్ పాలు బరువుగా ఉండి కాఫీని కప్పేస్తాయి. టోన్డ్ పాలకూ ఫుల్ క్రీమ్‌కూ మధ్యస్థంగా, నాలుగున్నర శాతం కొవ్వుండే స్టాండర్డైజ్డ్ పాలు నా లెక్కలో వీటికి చక్కగా సరిపోతాయి.

ఇంకో సంగతి వేడి. మనకి పాలంటే పొంగు రావాలి. కాఫీ షాపులో 60, 65 డిగ్రీల దగ్గర ఆపేస్తారు. ఆ వేడిలో పాలలో సహజంగా ఉన్న తీపి నాలుకకి బాగా తెలుస్తుంది. 70 దాటితే ప్రోటీన్లు దెబ్బతిని నురగ విరుగుతుంది, కాగిన పాల వాసన పైకొస్తుంది. మన ఫిల్టర్ కాఫీలో ఆ కాగిన వాసనే అందం, చిక్కటి డికాషన్ దానికి జోడీ. ఎస్ప్రెస్సోతో మాత్రం అది పొసగదు. కాపుచినో గోరువెచ్చగా ఉందని చాలామంది మనవాళ్లు వెనక్కి పంపుతారు. అది కాఫీ చల్లారిపోవడం కాదు. వచ్చిన వెంటనే తాగాల్సిన వేడిలోనే ఇచ్చారు. సెగలు కక్కే కాఫీ కావాలంటే ‘ఎక్స్‌ట్రా హాట్’ అని ముందే చెప్పండి. ఇస్తారు. నురగ కాస్త దెబ్బతింటుంది, ఫర్వాలేదు, తాగేది మీరు.

చిన్న కప్పు నుంచి పెద్ద కప్పుకి

ఇప్పుడు పాళ్లలోకి వెళ్దాం. పాలు తక్కువున్న వైపు నుంచి మొదలుపెట్టండి.

ఎస్ప్రెస్సో మీద చెంచాడు పాలనురగ పెడితే మకియాటో. ఇక్కడొక చిక్కుంది. 1996లో స్టార్‌బక్స్ కారమెల్ మకియాటో అని ఒకటి తెచ్చింది. వెనిలా కలిపిన పాలు కప్పు నిండా పోసి, పైనుంచి షాట్ వదిలి, కారమెల్ గీతలు గీస్తారు. దానికి అలవాటు పడ్డవాళ్లు వేరే షాపులో మకియాటో అడిగితే బొటనవేలంత కాఫీ చేతికొస్తుంది. రెండూ ఎవరి పద్ధతిలో వాళ్లు చేసినవే. అందుకే పేరు కన్నా పాళ్లు అడగమంటున్నాను.

కాఫీకి సమానంగా పాలు పోస్తే స్పెయిన్ వాళ్ల కోర్టాడో. నురగ దాదాపు ఉండదు. చిన్న గాజు గ్లాసులో, నూరూ నూట ఇరవై మిల్లీలీటర్ల లోపు ఇస్తారు. హైదరాబాద్‌లో సొంతంగా గింజ వేయించుకునే షాపుల్లో ఇది దొరుకుతుంది. గొలుసు దుకాణాల్లో అరుదు.

ఆ తర్వాతి మూడే అందరినీ తికమక పెట్టేవి: కాపుచినో, ఫ్లాట్ వైట్, లాటే. ఇక్కడ కాసేపు ఆగుదాం, ఎందుకంటే షాపుల్లో ఎక్కువమంది తాగేవి ఇవే.

ఇటలీలో ఎస్ప్రెస్సో ప్రమాణాలు చూసే సంస్థ కాపుచినోకి లెక్క స్పష్టంగా చెప్పింది. 25 మిల్లీలీటర్ల ఎస్ప్రెస్సో. 100 మిల్లీలీటర్ల చల్లటి పాలను ఆవిరి పట్టి, గాలి చేరి 125 అయ్యేదాకా నురగ తెప్పించినవి. మొత్తం 150 మిల్లీలీటర్లు, అంటే మన ఇళ్లలోని స్టీలు గ్లాసంత. నురగ మందంగా, వేలి మందాన ఉంటుంది, కాఫీ దాని కిందనుంచి పలకాలి. కప్పు వంచగానే నురగా కాఫీ కలిసి నోట్లోకి రావాలి. పైన సబ్బునురగలా గుట్టగా నిలబడి, కింద పాలు వేరుగా ఉంటే అది పని సరిగ్గా రాని చేతి కాపుచినో. ఇటాలియన్లు దీన్ని పొద్దున ఫలహారంతో తాగుతారు. భోజనమయ్యాక ఉత్త ఎస్ప్రెస్సోనే, అది కూడా బారు దగ్గర నిలబడి. రోమ్‌కో మిలాన్‌కో వెళ్లి మధ్యాహ్నం భోంచేశాక కాపుచినో అడిగితే ఇస్తారు, వింతగా చూసినా చూస్తారు. మనకేం నామోషీ లేదు.

ఫ్లాట్ వైట్ మాది అంటే మాదని ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ ఇప్పటికీ వాదించుకుంటున్నాయి. 1980లలో అక్కడి కఫేల్లో పుట్టిందని మాత్రం రెండు దేశాలూ ఒప్పుకుంటాయి. కాపుచినోలో గుట్టగా వచ్చే నురగ నచ్చనివాళ్ల కోసం వచ్చిన కాఫీ ఇది. కప్పు 150, 170 మిల్లీలీటర్లే. సాధారణంగా రెండు షాట్లు. పాలు అందులో మిగిలిన చోటంతా. పైన నురగ అరసెంటీమీటర్ కూడా ఉండదు, కాని పాలంతా మెత్తగా పట్టులా ఉంటుంది. కాఫీ రుచి ముందుకొస్తుంది. 2015 జనవరిలో స్టార్‌బక్స్ దీన్ని అమెరికా దుకాణాల్లోకి తెచ్చింది. ఇప్పుడు మన నగరాల్లోనూ దాదాపు ప్రతి బోర్డు మీదా ఉంది.

లాటేలో ఎక్కువ పాలు. ఒకటో రెండో షాట్లకి 200 మిల్లీలీటర్ల పైచిలుకు పాలు పోసి, పైన సెంటీమీటర్‌కి లోపే నురగ ఉంచుతారు. కప్పు పెద్దది, రుచి సాధువు. కాఫీ వాసన ఇష్టమే కాని చేదు భరించలేం అనేవాళ్లకి, ఒక కప్పుతో గంటసేపు మీటింగ్ గడపాల్సినవాళ్లకి అనువైనది. పైన ఆకు, హృదయం బొమ్మలు ఎక్కువగా దీని మీదే వేస్తారు. ఆ బొమ్మ అంచులు చెదరకుండా నిలిచాయంటే పాలు సరిగ్గా ఆవిరి పట్టారన్నమాట. రుచికి అదొక్కటే హామీ కాదు. పాలను ముందు పొడవాటి గ్లాసులో పోసి, మధ్యలోంచి షాట్ వదిలి పొరలు కట్టిస్తే లాటే మకియాటో. లాటేలో చాక్లెట్ చేరితే మోకా.

చల్లటివాటి గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. ఐస్‌డ్ లాటే అంటే షాటు, చల్లటి పాలు, ఐసు. కోల్డ్ బ్రూ ఎస్ప్రెస్సో కుటుంబం కాదు. పొడిని చల్లటి నీళ్లలో 12 గంటల నుంచి రోజంతా నానబెట్టి వడకడతారు. మన కోల్డ్ కాఫీ, ఇన్‌స్టంట్ పొడి, చక్కెర, పాలు కలిపి ఐస్‌క్రీమ్‌తో గిలక్కొట్టేది, మరో వంటకం.

పెద్ద కప్పులో ఎక్కువ కాఫీ ఉందా?

డబ్బు పెట్టే ముందు తెలుసుకోవాల్సిన విషయం ఇది. అమెరికాలో స్టార్‌బక్స్ వేడి లాటే తీసుకోండి. 12 ఔన్సుల టాల్‌లో ఒక షాట్. 16 ఔన్సుల గ్రాండేలో రెండు. 20 ఔన్సుల వెంటీలోనూ రెండే. గ్రాండే నుంచి వెంటీకి పెంచితే మీరు అదనంగా కొంటున్నది 4 ఔన్సుల పాలు. ఉద్యోగానికి వెళ్తూ, నిద్ర చాలలేదని వెంటీ తీసుకునేవాళ్లు అదే డబ్బుతో కప్పు తగ్గించి ఒక షాట్ ఎక్కువ వేయించుకోవడం మేలు. మన దగ్గరా అంతే. ఏ షాపులోనైనా ‘రెగ్యులర్‌లో ఎన్ని షాట్లు, లార్జ్‌లో ఎన్ని’ అని అడగండి. జవాబు ఒకటే అయితే చిన్నదే తీసుకోండి.

స్ట్రాంగ్ కాఫీ కావాలని అడిగేటప్పుడు కూడా రెండు వేర్వేరు సంగతులు ఒకటిగా కలిసిపోతున్నాయి. నోటికి తగిలే ఘాటు ఒకటి. ఒంట్లోకి వెళ్లే కెఫీన్ మరొకటి. ఒక ఎస్ప్రెస్సో షాట్‌లో సుమారు 60 నుంచి 75 మిల్లీగ్రాముల కెఫీన్ ఉంటుంది. అదే షాట్ మకియాటోలోకి వెళ్లినా, పెద్ద లాటేలోకి వెళ్లినా కెఫీన్ మారదు, పాలు దాన్ని తగ్గించవు. ‘నేను లాటే కదా తాగింది, తేలికైనదే’ అనుకుని సాయంత్రం ఆరింటికి రెండు షాట్ల లాటే తాగి రాత్రి నిద్రపట్టక దొర్లేవాళ్లున్నారు. ఒంట్లో చేరిన కెఫీన్‌లో సగం బయటికి పోవడానికి సగటున ఐదు గంటలు పడుతుంది. రోబస్టా గింజలో కెఫీన్ అరబికాకి దాదాపు రెట్టింపు. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లకు రోజుకి 400 మిల్లీగ్రాముల వరకు, గర్భిణులకు 200 వరకు ఇబ్బంది లేదని ఐరోపా ఆహార భద్రతా సంస్థ 2015లో తేల్చింది. కడుపుతో ఉన్న అమ్మాయిలు ఈ రెండో అంకె గుర్తుపెట్టుకోండి, టీ కూడా అందులోకే వస్తుంది. రక్తహీనత ఉన్నవాళ్లు భోజనంతో పాటు కాఫీ తాగవద్దు. తిండిలోని ఇనుమును ఒళ్లు పట్టుకోకుండా చేస్తుంది.

చక్కెర సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. మన ఇళ్లలో షుగర్ ఉన్నవాళ్లు ఎంతమందో మీకు తెలుసు. ఉత్త ఎస్ప్రెస్సోలో, అమెరికానోలో క్యాలరీలు లెక్కలోకి రానంత తక్కువ. 250 మిల్లీలీటర్ల టోన్డ్ పాలలో దాదాపు 150 క్యాలరీలు, అందులో 12 గ్రాముల దాకా పాలలోని సహజ చక్కెర. దీనిపైన కారమెల్, వెనిలా, హేజల్‌నట్ సిరప్‌లు పడితే ఇంకా పెరుగుతుంది. ‘చక్కెర వద్దు’ అని చెప్పినా సిరప్ వేస్తారు, ఎందుకంటే అది ఆ కాఫీలో భాగం. షుగర్ ఉన్న నాన్నగారిని కాఫీకి తీసుకెళ్లినప్పుడు సిరప్ లేని చిన్న కాపుచినో అడగండి. ఆయన ముందు మోకా పెట్టకండి. పాలు అరగనివాళ్లకి ఓట్స్ పాలు, బాదం పాలు కొన్నిచోట్ల దొరుకుతాయి. నురగకి ఓట్స్ నయం.

ఫిల్టర్ కాఫీ మనిషి ఏం అడగాలి?

నా అభిప్రాయం సూటిగా చెప్తాను. ఇంట్లో చిక్కటి డికాషన్‌కి రెండు మూడు పాళ్ల పాలు పోసుకునే అలవాటున్నవాళ్లు లాటే జోలికి వెళ్లకండి. పాలు ఎక్కువై నీరసంగా అనిపిస్తుంది, కాఫీ షాపు కాఫీలన్నీ ఇంతేనని నిర్ణయించేసుకుంటారు. ఫ్లాట్ వైట్ అడగండి. మన పాళ్లకి దగ్గరిది అదే. నురగ ఇష్టమైతే చిన్న కాపుచినో. అమ్మానాన్నలను మొదటిసారి తీసుకెళ్తుంటే కాపుచినో, ఎక్స్‌ట్రా హాట్, పక్కన చక్కెర. వాళ్లు సంతోషంగా తాగుతారు.

రుచి అచ్చం ఇంట్లోదానిలా ఉండదు. మన పొడుల్లో చాలావాటిలో చికోరి కలుస్తుంది. ఆ కారు నలుపు, ఆ తీపి కలిసిన చేదు చికోరివి. అందులో కెఫీన్ ఉండదు. ఎస్ప్రెస్సోలో ఉండేది ఉత్త కాఫీ గింజే. ఆ తేడాని లోపంగా కాక తేడాగానే తీసుకుంటే రెండూ ఆనందంగా తాగవచ్చు. ఫ్రాన్స్ వెళ్తే కఫే ఓ లే అడగండి. వడకట్టిన కాఫీ, వేడి పాలు. తీరులో అది మన ఫిల్టర్ కాఫీకి దగ్గరి బంధువు.

కౌంటర్ దగ్గర నోరు పెగలక ఆగిపోయేవాళ్లకి ఒక మాట. బరిస్టాని అడగడం తెలియనితనాన్ని బయటపెట్టుకోవడం అనుకుంటారు. నిజానికి షాట్లు ఎన్ని, కప్పు ఎన్ని మిల్లీలీటర్లు అని అడిగే మనిషిని చూస్తే మంచి బరిస్టాకి హుషారొస్తుంది. ‘నాకు కాఫీ రుచి బాగా తెలియాలి, పాలు తక్కువ, చేదు మరీ వద్దు, ఏమిస్తారు?’ అని తెలుగులోనే అడగండి. హైదరాబాద్‌లో, విజయవాడలో కౌంటర్ వెనక ఉన్న పిల్లలు చాలామంది మన ఊళ్ల నుంచి వచ్చినవాళ్లే. ఇచ్చింది చల్లగా ఉన్నా, మాడు వాసన వచ్చినా మర్యాదగా చెప్పి మార్చమనండి. డబ్బిచ్చి కొంటున్నారు. ఇలా రెండుసార్లు అడిగిన మనిషికి ఆఫీసు మీటింగ్‌లో అర్థంకాని విషయం అడగడం కూడా కొంచెం తేలికవుతుంది. నేను ఈ పుస్తకంలో కాఫీకి ఒక అధ్యాయం ఇచ్చింది అందుకు కూడా.

ఇంట్లో ప్రయత్నించాలంటే లక్షల యంత్రం అక్కర్లేదు. 1933లో ఇటలీలో బియాలెట్టి కంపెనీ నుంచి వచ్చిన మోకా పాట్ స్టవ్ మీదే పనిచేస్తుంది. ఒత్తిడి ఒకటి రెండు బార్లే కాబట్టి క్రెమా రాదు, కాని పాలకి నిలబడే చిక్కటి కాఫీ వస్తుంది. అదీ లేకపోతే చికోరి లేని పొడితో ఫిల్టర్‌లో మొదటి డికాషన్ తీయండి. పాలు పొంగనివ్వకండి. గిన్నె పక్కన చెయ్యి ఆనించి, ఇక ఆనించలేం అనిపించగానే దించేయండి. అది దాదాపు 60 డిగ్రీలు. ఆ పాలను ఫ్రెంచ్ ప్రెస్‌లో పోసి పిడిని గబగబా పైకీ కిందికీ ఆడిస్తే అరనిమిషంలో సన్నటి నురగ లేస్తుంది. గిన్నెను ఒకసారి బల్ల మీద తట్టి పెద్ద బుడగలు పోగొట్టి కాఫీలో పోయండి. నురగ కొంచెం వదిలితే ఫ్లాట్ వైట్ పక్షం, ఎక్కువ వదిలితే కాపుచినో పక్షం.

ఈ వారంలో ఒక స్నేహితుణ్ణో, అక్కనో, నాన్ననో తీసుకుని మీ ఊళ్లో మంచి కాఫీ షాపుకి వెళ్లండి. ఒకరు కాపుచినో, ఇంకొకరు ఫ్లాట్ వైట్ తెప్పించుకుని, సగం సగం తాగి కప్పులు మార్చుకోండి. నురగ ఎంతుందో చూడండి, కాఫీ ఎక్కడ ముందు తగులుతోందో గమనించండి. మొదటి రెండు గుక్కలు పూర్తయ్యేదాకా చక్కెర పొట్లం మాత్రం విప్పకండి.